ఒకే బిడ్డ, నాలుగు ఇన్సూరెన్సులు

మైపాడు నుంచి తీరం వెంబడి దక్షిణంగా దిగుతూ పోతే కోడూరు, కృష్ణపట్నం, తూపిలిపాళెం, ఆ తర్వాత శ్రీహరికోట, పులికాట్ దాటితే తడ. అంతా కలిపి వంద కిలోమీటర్లకి అటూ ఇటూ. (2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు సూళ్లూరుపేట, తడ తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి గానీ, మావాళ్ల లెక్కలో అదంతా నెల్లూరే.) ఈ వంద కిలోమీటర్లలో నాలుగు ఇళ్లు ఊహించుకోండి. ఒక ఇంట్లో తండ్రి పడవ మీద వేటకెళతాడు. ఇంకో ఇంట్లో తల్లి తడ దగ్గర మాంబట్టులో చెప్పుల ఫ్యాక్టరీకి పోతుంది. మూడో ఇంటాయన షార్ ఉద్యోగి. నాలుగో ఇంటి అబ్బాయి మన బాపతే, చెన్నైలోనో బెంగుళూరులోనో సాఫ్ట్‌వేర్. నాలుగిళ్లలోనూ సెరిబ్రల్ పాల్సీ ఉన్న ఆరేళ్ల బిడ్డ ఉందనుకుందాం.

ఆ బిడ్డకి హెల్త్ ఇన్సూరెన్సు ఉందా? అని అడిగితే నాలుగిళ్లలోనూ నాలుగు రకాల జవాబులొస్తాయి. బిడ్డకున్న ఇబ్బంది ఒకటే. జవాబు మాత్రం ఇంటి పెద్ద చేసే పనిని బట్టి మారిపోతుంది. ఇందులో విచిత్రం ఏంటంటే, జీతం అందరికన్నా ఎక్కువ వచ్చే నాలుగో ఇంటి జవాబే అన్నిటికన్నా తేలిగ్గా తెగిపోయేది. ఇదెలా జరిగిందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

ముందు పడవ ఇల్లు. మన దేశంలో వైకల్యానికి, బీమాకి ఉన్న చుట్టరికం చాలా పాతది. 1923 నాటి వర్క్‌మెన్ కాంపెన్సేషన్ చట్టంలో ఒక పట్టిక ఉండేది. బొటనవేలు పోతే సంపాదించే శక్తిలో 30 శాతం పోయినట్టు, చూపుడువేలు మొత్తం పోతే 14 శాతం పోయినట్టు. అలా ఒళ్లంతా రేటు కట్టేశారు. మత్స్యకారుల ప్రమాద బీమా కూడా ఇదే ఆలోచన మీద వచ్చింది. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ప్రమాదంలో చనిపోయినా, పూర్తిగా వికలాంగుడైనా 5 లక్షలు, పాక్షిక శాశ్వత వైకల్యానికి 2.5 లక్షలు అని రాశారు. మంచిదే, ఎవరూ కాదనరు. కానీ గమనించండి. వేటకెళ్లి చెయ్యి పోతే అది బీమా చెల్లించాల్సిన సంఘటన. అదే ఇంట్లో బిడ్డ చెయ్యి పనిచెయ్యకుండానే పుడితే దానికి "కంజెనిటల్" అని పేరు పెట్టి చాలాకాలం మినహాయింపుల జాబితాలో పెట్టారు. బీమాకి ఏదో ఒకరోజు ఒక సంఘటన జరగాలి. పుట్టుకతో వచ్చింది సంఘటన కాదు, స్థితి. మొత్తం గొడవంతా ఇక్కడే మొదలైందని నా అభిప్రాయం.

పడవ ఇంటికి అసలైన హెల్త్ కవర్ వచ్చింది ఆరోగ్యశ్రీతోనే. 2007 ఏప్రిల్ 1న అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలై 2008లో నెల్లూరుతో సహా రాష్ట్రమంతా పాకింది. వై.ఎస్. ముఖ్యమంత్రి. మొదట్లో దీన్ని నడిపింది చెన్నై కంపెనీ స్టార్ హెల్త్, తర్వాత ప్రభుత్వ ట్రస్టే చూసుకుంది. తెల్లకార్డు ఉంటే చాలు, బిడ్డకి ముందు నుంచీ ఉన్న జబ్బా కాదా అని అడిగేది లేదు. రాజకీయాలు ఎవరివి వాళ్లు పెట్టుకోండి, కానీ "ప్రీ ఎగ్జిస్టింగ్" అనే మాటని పక్కన పెట్టి పేదవాళ్ల పిల్లలకి గుండె ఆపరేషన్లు చేయించడం చిన్న విషయం కాదు. ఇప్పుడు ఆంధ్రాలో దాని పేరు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ.

ఇందులో నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించింది కాక్లియర్ ఇంప్లాంట్ వ్యవహారం. పుట్టుకతో వినికిడి లేని పిల్లలకి చెవి లోపల యంత్రం పెట్టే ఆపరేషన్ అది. లక్షల్లో ఖర్చు. కానీ ఆపరేషన్ చేసి ఇంటికి పంపిస్తే బిడ్డకి మాటలు రావు. విన్న శబ్దాన్ని మాటగా పోల్చుకోవడం నేర్పాలి, నెలల తరబడి కూర్చోబెట్టి. దాన్నే ఆడిటరీ వెర్బల్ థెరపీ అంటారు. ఆరోగ్యశ్రీ వాళ్లు ఆ థెరపీని కూడా ప్యాకేజీలో కలిపి, వాయిదాల లెక్కన డబ్బు కట్టేలా పెట్టారు. అంటే థెరపీకి ఇన్సూరెన్సు ఇవ్వడం కుదరదు అనే వాదన తప్పని ఇక్కడ మన రాష్ట్రంలోనే తేలిపోయింది. చెవికి కుదిరింది కాలికీ, మాటకీ ఎందుకు కుదరదు? సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డకి వారానికి మూడుసార్లు ఫిజియోథెరపీ కావాలి. ఆటిజం ఉన్న బిడ్డకి స్పీచ్, ఆక్యుపేషనల్ థెరపీ కావాలి. దాని ముందు ఆపరేషన్ ఏమీ లేదు కాబట్టి దానికి ప్యాకేజీ లేదు. అంతే తేడా.

ఇహ ఫ్యాక్టరీ ఇల్లు. ఈఎస్‌ఐ అంటే మన ఐటీ వాళ్లకి కొంచెం చులకన. క్యూలు, మందులు లేని కౌంటర్లు, చీటీల మీద చీటీలు. నిజమే. కానీ చట్టం మాత్రం బంగారంలా రాశారు. 1948 నాటి ఈఎస్‌ఐ చట్టానికి తర్వాత చేర్చిన "కుటుంబం" నిర్వచనంలో, శారీరక లేదా మానసిక లోపం వల్ల అశక్తులై పూర్తిగా కార్మికుడి సంపాదన మీదే బతికే బిడ్డ కూడా ఉంది. ఎంత వయసు దాకా? ఆ అశక్తత ఉన్నంతకాలం. 18 అనో 25 అనో లేదు. 2025 నవంబరు 21న ఈ చట్టం సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయింది గానీ, ఆ నిర్వచనం కోడ్‌లోకి కూడా వచ్చింది. చిక్కల్లా జీతం పరిమితితోనే. 2017లో దాన్ని నెలకి 21,000 చేశారు. ఆ గీత దాటిన ఉద్యోగి ఈ నీడ కిందకి రాడు.

షార్ ఇంటి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అంతరిక్ష శాఖకి సొంత వైద్య పథకం ఉంది. కేంద్ర ఉద్యోగుల సీజీహెచ్‌ఎస్‌లో అయితే శాశ్వత వైకల్యం ఉన్న కొడుక్కి వయోపరిమితి లేదని స్పష్టంగానే రాసుంది. సర్కారు తన ఉద్యోగుల వరకూ ఈ సమస్యని ఎప్పుడో పరిష్కరించేసుకుంది.

మిగిలింది నాలుగో ఇల్లు.

మనం కొనే హెల్త్ పాలసీలన్నిటికీ మూలపురుషుడు 1986లో వచ్చిన మెడిక్లెయిమ్. 1973లో జనరల్ ఇన్సూరెన్సు జాతీయం అయ్యాక మిగిలిన నాలుగు ప్రభుత్వ కంపెనీలు అమ్మిన పాలసీ అది. దాని గుండెకాయ ఒకటే నియమం: ఆసుపత్రిలో చేరాలి, మంచం మీద 24 గంటలు ఉండాలి. బయటికి కనిపించే పుట్టుక లోపాలు శాశ్వతంగా మినహాయింపు. లోపలి పుట్టుక లోపాలకి మొదటి ఏడాది డబ్బులు రావు. 2000 నుంచి ప్రైవేటు కంపెనీలు వచ్చాయి, బ్రోచర్లు రంగుల్లోకి మారాయి, నెట్‌లో కొనడం వచ్చింది. మంచం నియమం మాత్రం అట్లాగే ఉంది. డే కేర్ ఆపరేషన్లకి కొంత సడలించారు, ఓపీ కవర్ అని కొందరు పైన తగిలించారు, అంతే.

స్పెషల్ నీడ్స్ ఉన్న పిల్లల ఖర్చు ఎక్కడ అవుతుందో తెలిసిన వాళ్లకి ఇది ఎంత పొంతన లేని నియమమో అర్థమవుతుంది. సెషన్‌కి 500 రూపాయలు, వారానికి మూడు సెషన్లు అనుకోండి. ఏడాదికి 78,000. ఒక్కరోజు కూడా ఆసుపత్రిలో పడుకోరు. నెల్లూరు నుంచి చెన్నైకి 175 కిలోమీటర్లు, నిపుణుడికి చూపించాలంటే పొద్దున్నే రైలెక్కి రాత్రికి తిరిగొచ్చే కుటుంబాలు బోలెడు. ఆ ఛార్జీలు, పోగొట్టుకున్న పనిదినం వేరే లెక్క. మెడిక్లెయిమ్ దృష్టిలో ఇదంతా వైద్యమే కాదు.

సరే థెరపీ వదిలేద్దాం, బిడ్డకి డెంగ్యూ వస్తుంది, న్యుమోనియా వస్తుంది, అందరి పిల్లల్లాగే. దానికైనా ఇస్తారా అంటే, చాలా ఏళ్లు దరఖాస్తు దగ్గరే ఆపేసేవాళ్లు. మాకు తెలిసిన ఒకతను, ముత్తుకూరు వైపు వాళ్లు, కొడుక్కి ఆటిజం. దాచకుండా ఫారంలో రాశాడు. పాలసీ భార్యాభర్తలిద్దరికీ వచ్చింది, పిల్లవాడి పేరు తీసేశారు. "ఏందన్నా ఇది, వాడికి జ్వరమొస్తే కూడా ఆటిజం వల్లే వచ్చిందా?" అని అడిగాడు నన్ను. కంపెనీ పేరు అనవసరం. ఆరోజుల్లో ఏ కంపెనీకి వెళ్లినా ఇంచుమించు అదే జవాబు వచ్చేది.

మరి చట్టాలు ఏం చేశాయి? 1995 వికలాంగుల చట్టంలో బీమా అనే మాట ఉంది గానీ, అది ప్రభుత్వం తన వికలాంగ ఉద్యోగులకి బీమా పథకం పెట్టాలని. పిల్లల ఊసు లేదు. ఎల్‌ఐసీ జీవన్ ఆధార్ అని ఒక పాలసీ ఉండేది, వైకల్యం ఉన్న బిడ్డ కోసం తల్లిదండ్రులు కట్టేది, పన్ను మినహాయింపు కూడా ఉండేది. దాంట్లో డబ్బు బిడ్డకి అందాలంటే కట్టినవాళ్లు పోవాలి. అంటే బిడ్డ కోసం ఉన్న బీమా కూడా తండ్రి చావు అనే సంఘటన మీదే నడిచింది! దీని మీద ఒక తండ్రి సుప్రీంకోర్టు దాకా వెళితే 2019 జనవరిలో కోర్టు, ఇబ్బంది నిజమే, మార్చాల్సింది మాత్రం చట్టసభ అని వదిలేసింది. 2022 ఫైనాన్స్ చట్టంలో 80డీడీ సవరించి, తల్లిదండ్రులకి 60 ఏళ్లు దాటాక వాళ్లు బతికుండగానే బిడ్డకి డబ్బు అందేలా దారి ఇచ్చారు.

నిజంగా తలుపు తెరిచింది 1999 చివర్లో వచ్చిన నేషనల్ ట్రస్ట్ చట్టం. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు, ఈ నాలుగింటి కోసమే పెట్టిన సంస్థ అది. 2008లో నిరామయ అనే హెల్త్ ఇన్సూరెన్సు తెచ్చింది. ఏడాదికి లక్ష రూపాయల కవర్. వయసు అడ్డు లేదు, ముందు పరీక్షలు లేవు, ఉన్న వైకల్యమే అర్హత. ఏ ఆసుపత్రిలో అయినా చూపించుకుని బిల్లులు పెట్టుకోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, ఓపీకీ, థెరపీకీ, రానుపోను ఖర్చుకీ కూడా విడివిడిగా కొంత డబ్బు కేటాయించారు. మంచం నియమాన్ని పక్కన పెట్టారన్నమాట. నమోదుకి దారిద్ర్యరేఖ దిగువ వాళ్లకి 250, ఎగువ వాళ్లకి 500 అని పెట్టారు. అవును, ఏడాది మొత్తానికి. మనం వీకెండ్ సినిమాకి పాప్‌కార్న్‌తో సహా పెట్టే దాంట్లో సగం.

ఏమాటకామాటే, లక్ష అనేది 2008లో లక్ష. ఇప్పుడు ఒక మంచి కార్పొరేట్ ఐసీయూలో నాలుగు రోజులకి చాలదు. పైగా లోపల ఒక్కొక్క పద్దుకీ పరిమితి ఉంది. థెరపీకి చాలాకాలం ఏడాదికి 10,000 అన్నారు. పైన మనం వేసిన 78,000 పక్కన పెట్టి చూడండి. అయినా సరే, నిరామయ గురించి వినని ఐటీ తల్లిదండ్రులే నాకు ఎక్కువ కనిపించారు. "మనకి ఆఫీసు ఇన్సూరెన్సు ఉందిగా, అది పేదవాళ్ల స్కీము" అనుకుంటారు. ఎగువ వాళ్లకి కూడా రేటు రాసి పెట్టారంటేనే అది అందరికీ అని కదా.

దానికి కావలసిన మొదటి కాగితం వైకల్య ధ్రువపత్రం, మన దగ్గర సదరం సర్టిఫికెట్. నెల్లూరు తీరంలో ఏ పాళెంలో అడిగినా "సదరం" అంటే తెలుస్తుంది, పెన్షన్ దానితోనే కాబట్టి. ఆ మాటలో మొదటి అక్షరం "సాఫ్ట్‌వేర్" అన్న సంగతి మాత్రం సాఫ్ట్‌వేర్ వాళ్లకే తెలియదు. సాఫ్ట్‌వేర్ ఫర్ అసెస్‌మెంట్ ఆఫ్ డిసేబుల్డ్ అని మొదలవుతుంది దాని పూర్తి పేరు. మనవాళ్లు చాలామంది పిల్లవాడికి ఆ ముద్ర ఎందుకు అని సర్టిఫికెట్టే తీసుకోరు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది, నలుగురిలో మాట పడాలని ఎవరికుంటుంది. కానీ ఆ కాగితం లేకుండా నిరామయ లేదు, 80డీడీ లేదు, తర్వాత వచ్చిన ఏ హక్కూ లేదు.

2016 చివర్లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది, 7 రకాల వైకల్యాలు 21 అయ్యాయి. 24వ సెక్షన్‌లో, ఈఎస్‌ఐ లాంటి పథకాల కిందకి రాని వాళ్లకి సమగ్ర బీమా పథకం గురించి కూడా రాశారు. అంతకు ముందే 2015 అక్టోబరు 2న స్వావలంబన్ అనే పథకం మొదలైంది, నిరామయలోకి రాని వైకల్యాల కోసం, 2 లక్షల కవర్‌తో. అది ఎక్కువకాలం నడవలేదు. 2017లో మెంటల్ హెల్త్‌కేర్ చట్టం వచ్చి, మానసిక జబ్బులకీ శారీరక జబ్బులతో సమానంగా ఇన్సూరెన్సు ఇవ్వాలంది. మన పిల్లలకి కూడా వర్తిస్తుందని చాలామంది సంబరపడ్డారు. కానీ నిర్వచనం చదివితే బుద్ధిమాంద్యాన్ని మానసిక జబ్బు కింద లెక్కపెట్టకూడదని అందులోనే ఉంది. ఆ తేడా శాస్త్రీయంగా సరైనదే, జబ్బు వేరు, వైకల్యం వేరు. బీమా దగ్గరికి వచ్చేసరికి మాత్రం బిడ్డ రెండు చట్టాల మధ్య సందులో పడింది.

ఆ సందుని పూడ్చడం మొదలైంది మన హైదరాబాదులోనే. ఐఆర్‌డీఏఐ ఆఫీసు ఫైనాన్షియల్ డిస్ట్రిక్టులో, మన క్యాబులు ట్రాఫిక్‌లో ఆగే చోటే ఉంది. 2019 సెప్టెంబరులో వాళ్లు మినహాయింపుల జాబితాని ప్రక్షాళన చేశారు. లోపలి పుట్టుక జబ్బులు, జన్యు సంబంధమైన జబ్బులు, నత్తి, డిస్లెక్సియా లాంటి మాటకీ భాషకీ సంబంధించిన ఇబ్బందులు, వీటిని పాలసీలో మినహాయింపుగా రాయడానికి వీల్లేదన్నారు. ఆ తర్వాత 2022 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు తీర్పు వచ్చింది. చక్రాల కుర్చీకి పరిమితమైన ఒక ఉద్యోగికి పాలసీ ఇవ్వమన్న కేసు అది. వికలాంగుల కోసం ప్రత్యేకంగా పాలసీలు తయారు చేయించమని జస్టిస్ ప్రతిభా ఎం. సింగ్ ఐఆర్‌డీఏఐకి చెప్పారు. 2023 ఫిబ్రవరి 27న సర్క్యులర్ వచ్చింది. ప్రతి జనరల్, హెల్త్ ఇన్సూరెన్సు కంపెనీ వికలాంగులకి ఒక పాలసీ పెట్టి తీరాలి, దరఖాస్తు అసలు తిప్పి పంపకూడదు. నమూనా పాలసీ కూడా వాళ్లే ఇచ్చారు. 4 లక్షలు లేదా 5 లక్షలు, ముందే ఉన్న వైకల్యానికి 24 నెలల వెయిటింగ్, 20 శాతం మన జేబులోంచి. పుట్టిన బిడ్డ నుంచి 17 ఏళ్ల దాకా పిల్లలకి కూడా.

అంటే ముత్తుకూరు అబ్బాయి అడిగిన ప్రశ్నకి జవాబు రావడానికి 1986 నుంచి 37 ఏళ్లు పట్టింది. అదీ సగం జవాబే. ఆ నమూనా కూడా మంచం చుట్టూ అల్లిందే. వారం వారం థెరపీ ఇంకా గుమ్మం బయటే ఉంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఈ కథ వేరుగా ఉంటుంది. ఆటిజం థెరపీకి ఇన్సూరెన్సు ఇవ్వాలని 2001లో ఇండియానాతో మొదలై ఒక్కొక్క రాష్ట్రం చట్టాలు చేసుకుంటూ వచ్చింది. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ తన ఉద్యోగుల పిల్లలకి ఏబీఏ థెరపీ కవర్ మొదలుపెట్టింది, తర్వాత చాలా టెక్ కంపెనీలు అదే దారిలో నడిచాయి. 1975 చట్టం పుణ్యమా అని బడిలోనే స్పీచ్ థెరపీ ఉచితం. ఇండియాకి తిరిగొచ్చేద్దామని ఉన్నా ఈ ఒక్క లెక్క చూసుకుని ఆగిపోయిన తెలుగు కుటుంబాలు ఉన్నాయి. వాళ్లని డాలర్ల మోజు అనేయడం తేలిక. అయితే అక్కడ కూడా అది తల్లిదండ్రుల తెలివితో, పోరాటంతో వచ్చిందే తప్ప కంపెనీలు దయతలచి ఇచ్చింది కాదు.

ఇప్పుడు మళ్లీ నాలుగో ఇంటి దగ్గరికి. మన ఆఫీసు గ్రూప్ పాలసీ నిజానికి చాలా మంచిది. సాధారణంగా ముందున్న జబ్బులకి కూడా మొదటి రోజు నుంచే కవర్, బిడ్డ గురించి ప్రశ్నలుండవు. అందుకే మనం నిశ్చింతగా ఉంటాం. కానీ ఐడీ కార్డు తిరిగిచ్చిన రోజున ఆ కవర్ కూడా ఆగిపోతుంది. లేఆఫ్ మెయిల్ వచ్చిన వారంలో బిడ్డకి ఫిట్స్ రావని గ్యారంటీ లేదు. రెండోది, డిపెండెంట్ అంటే చాలా పాలసీల్లో 25 ఏళ్ల దాకానే. మామూలు పిల్లలు అప్పటికి ఉద్యోగాల్లో చేరిపోతారు. మన బిడ్డకి 26 వచ్చేటప్పటికి మనకి 55. ఫ్యాక్టరీలో చెప్పులు కుట్టే తల్లికి చట్టం "అశక్తత ఉన్నంతకాలం" అని రాసిచ్చింది. లక్షల సీటీసీ ఉన్న మనకి ఆ వాక్యం లేదు. గ్రూప్ పాలసీ అనేది కంపెనీ బేరమాడి రాయించుకునే ఒప్పందం కాబట్టి, వైకల్యం ఉన్న బిడ్డకి వయసు పరిమితి తీసెయ్యమని, ఏడాదికి ఇంత అని థెరపీ పద్దు పెట్టమని హెచ్‌ఆర్‌ని అడగొచ్చు. ప్రతి రెన్యూవల్‌కీ ముందు ఆ ఒప్పందం మళ్లీ టేబుల్ మీదకి వస్తుంది. జిమ్ మెంబర్‌షిప్ కోసం, లేసిక్ కోసం మెయిళ్లు పెట్టేవాళ్లు ప్రతి ఆఫీసులోనూ ఉన్నారు, దీనికోసం పెట్టేవాళ్లు తక్కువ. ఎందుకంటే ఇది అడగాలంటే ముందు మా ఇంట్లో అలాంటి బిడ్డ ఉంది అని చెప్పుకోవాలి.

2023 తరహా పాలసీ ఒకటి ఉద్యోగం ఉండగానే విడిగా తీసుకుంటే ఆ 24 నెలల వెయిటింగ్ ఆఫీసు కవర్ నీడలోనే గడిచిపోతుంది. వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద 18 శాతం జీఎస్‌టీ కూడా 2025 సెప్టెంబరు 22 నుంచి తీసేశారు. నిరామయ ఎలాగూ ఉండాల్సిందే. అన్నట్టు దాని ఏడాది మార్చి 31తో ముగుస్తుంది, మనం ఎప్పుడు చేరామన్న దాంతో సంబంధం లేకుండా. ఫిబ్రవరిలో చేరితే రెండు నెలలే. కాబట్టి సదరం స్లాటు ఇప్పుడే చూసుకుని, కాగితాలు మార్చిలోపు సర్దుకుని, ఏప్రిల్ మొదటి వారంలో కట్టండి.